10 సెషన్ల స్పర్శ శిక్షణ, ఒక చెక్క పెట్టె: వడ్రంగి రివ్యూ

మార్కులు ముందే చెప్పేస్తాను. స్ట్రోక్ తర్వాత నా కుడి చేతికి పోయిన స్పర్శను తిరిగి తెచ్చే శిక్షణకు 5కి 4. దాంతో పాటు ఇంటికి ఇచ్చిన అభ్యాసం పెట్టెకు 5కి 1. ఆ ఒక్కటి కూడా లోపల ఉన్న సరుకుకే, పెట్టెకు కాదు. చెయ్యి మొద్దుబారిన మనిషికి అంచులు సాఫు చెయ్యని పెట్టె ఇచ్చినవాళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఆ గొడవ తర్వాత చెబుతాను.

నేను వడ్రంగిని. వయసు 54, అందులో 31 ఏళ్ళు ఈ పనిలోనే గడిచాయి. చెక్కకు చిత్రిక పట్టాక కళ్ళతో చూసి బాగుందనేవాడు కొత్తవాడు. మేం మూడు వేళ్ళ చివర్లతో నిమిరి చూస్తాం. కంటికి కనపడని ఎత్తుపల్లం వేలికి తగులుతుంది. 220 నంబరు సాండ్‌పేపర్ కొట్టిన చెక్కకూ అంతకన్నా నున్నని 320 కొట్టిన చెక్కకూ తేడా కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను. ఈ రివ్యూ అక్కడి నుంచి మొదలవుతుంది.

స్ట్రోక్ వచ్చిన రోజు నా పెదాల మధ్య రెండు మేకులు పట్టుకుని ఉన్నాను. ఒకటి జారి కింద పడింది. వంగి తీసుకోబోతే మేకు కనిపిస్తోంది, వేళ్ళు దాని మీదే ఉన్నాయి, కానీ ముట్టుకున్నట్టు లేదు. చెయ్యి తిమ్మిరి ఎక్కిందనుకున్నాను. విదిలించాను, రుద్దుకున్నాను, మధ్యాహ్నం దాకా పని చేశాను. పెద్ద తప్పు. చెయ్యో మూతో ఒక్కసారిగా మొద్దుబారితే నొప్పి లేకపోయినా సరే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. నేను ఆ సమయమంతా తలుపు చట్రం బిగిస్తూ పోగొట్టుకున్నాను.

ఎమ్మారైలో ఎడమ వైపు థాలమస్‌లో 9 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది. మేం అల్మారాకు వాడే ప్లైవుడ్ మందంలో సగం. అంత చిన్న మచ్చకు కుడి చెయ్యీ, మూతి కుడి మూలా రెండూ ఎలా పోయాయని అడిగితే డాక్టరు గారు చెప్పింది నాకు బాగా నచ్చింది. థాలమస్ అనేది మెదడు నడిమధ్యలో ఉండే మజిలీ. వేలికి తగిలింది వెన్నుపాములోంచి పైకి పోయి, మెదడు కింది భాగంలో అవతలి పక్కకు దాటి, ఈ మజిలీకి చేరి, అక్కడి నుంచి మెదడు పైపొరకు వెళ్తుంది. ఆ మజిలీలో చేతి దారీ మూతి దారీ పక్కపక్కనే ఉంటాయట. ఒక్క చిన్న దెబ్బకు రెండూ పోతాయి. మేకు పెదాల నుంచి జారడం, వేళ్ళకు తెలియకపోవడం రెండూ ఒకే సంఘటన అని అప్పుడు అర్థమైంది.

మాట పోలేదు, నడక పోలేదు, చేతిలో బలం కూడా పోలేదు. చూసిన ప్రతివాళ్ళూ అదృష్టవంతుడివన్నారు. కాదనను. కానీ జేబులో చెయ్యి పెడితే తాళంచెవి ఏదో చిల్లర ఏదో తెలియని బతుకు ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియదు. కాగితం గ్లాసు పట్టుకుంటే నలిగిపోయేది. పక్కకు చూస్తే చేతిలోని సుత్తి జారిపోయేది. పట్టు ఎంత కావాలో వేళ్ళు చెప్పకపోతే మనిషి అయితే మరీ గట్టిగా పడతాడు, లేకపోతే వదిలేస్తాడు. కొన్నాళ్ళకు నేను అన్నీ ఎడమ చేత్తోనే చెయ్యడం మొదలుపెట్టాను. మా కుర్రాడు "మేస్త్రీ, మీ కుడి చెయ్యి సెలవులో ఉందా" అన్నాడు. నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగు నెలలు మామూలు ఫిజియోథెరపీ చేయించారు. బంతి పిసకడం, రబ్బరు సాగదీయడం. బలం నాకు ముందే ఉంది కాబట్టి అది ఉన్నచోటే ఉంది. అయిదో నెలలో ఈ స్పర్శ శిక్షణ కేంద్రానికి పంపారు. వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి గంట, మొత్తం 10. మధ్యలో ఇంటి పని.

మొదటి రోజంతా పరీక్షలే. సన్న నైలాన్ పోగులు బిగించిన పుల్లలతో వేలి చివర గుచ్చి తెలిసిందా అని అడుగుతారు. వీటిని సెమ్స్, వైన్‌స్టైన్ అనే ఇద్దరి పేర్లతో పిలుస్తారు. ఒక్కో పోగూ ఒక నిర్ణీత బరువు దగ్గర వంగుతుంది కాబట్టి ఎవరు నొక్కినా లెక్క ఒకటే. నాకు ముచ్చటేసిన పనిముట్టు ఇది. 2.83 నంబరు పోగు 0.07 గ్రాముల దగ్గరే వంగుతుంది, బాగున్న చేతికి అది తెలియాలి. నాకు ఎర్ర పిడి ఉన్న 4.56 దాకా ఏమీ తెలియలేదు. అది సుమారు 4 గ్రాములు. ఆ దశలో వేడి గిన్నె పట్టుకున్నా, పదునుకు వేలు తగిలినా చెయ్యి హెచ్చరించదని పరీక్ష చేసిన థెరపిస్టు అమ్మాయి రాసుకుంది. ఆమెకు మా అమ్మాయి వయసే ఉంటుంది. నన్ను సార్ అంటుంది, తప్పు చేస్తే మాత్రం సార్ అని కూడా చూడదు.

తర్వాత గరుకు పరీక్ష. అట్ట అడ్డం పెట్టి, దాని వెనక మూడు పలకలు ఉంచుతారు. రెండు ఒకటే, ఒకటి వేరు. వేరేది ఏదో చెప్పాలి. 12 సార్లలో 4 సరిగ్గా చెప్పాను. పర్వాలేదనుకున్నాను. అప్పుడా అమ్మాయి నెమ్మదిగా, "సార్, మూడింట్లో ఒకటి అంటే గుడ్డిగా చెప్పినా 4 వస్తాయి" అంది. 31 ఏళ్ళ అనుభవం సున్నాకు వచ్చిందని తేల్చడానికి ఇంతకన్నా మర్యాదైన మాట లేదు.

ఇక అసలు శిక్షణ. పైకి చూస్తే ఇందులో ఏమీ లేదు. మూడు పలకలు, ఒక అట్ట, ఒక మనిషి. మొదటి రెండు సెషన్లలో దీనికా ఇంత హడావుడి అని విసుక్కున్నాను కూడా. విశేషమంతా వరసలో ఉంది. ముందు కళ్ళు మూసి కుడి చేత్తో నిమరాలి, వేరేది ఏదో చెప్పాలి. తప్పో ఒప్పో వెంటనే చెబుతారు. తర్వాత కళ్ళు తెరిచి చూస్తూ నిమరాలి. తర్వాత అదే పలకను ఎడమ చేత్తో. ఆ పైన మళ్ళీ కళ్ళు మూసి కుడి చేత్తో. "ఎడమ చేతికి ఏం తెలిసిందో గుర్తుంది కదా, అదే ఇప్పుడు కుడి చేతిలో వెతకండి" అనేది. చెప్పిన ప్రతి జవాబుకూ దేన్ని బట్టి చెప్పారు అని అడిగేది. మొదట్లో ఏదో అనిపించింది అనేవాణ్ణి. ఒప్పుకునేది కాదు. వేగంగా లాగితే తెలిసిందా, నెమ్మదిగా లాగితేనా, గాళ్ళ మధ్య ఎడం వల్లనా, వేలు పట్టేసినట్టు అయ్యిందా అని తవ్వేది. నాకు చేతికి తెలిసిన పనిని నోటితో చెప్పడం జీవితంలో అదే మొదటిసారి. మా కుర్రాళ్ళకు నేను ఎప్పుడూ అలా నేర్పలేదు, చూసి నేర్చుకోండిరా అనేవాణ్ణి.

మొదట 40 నంబరుకూ 400 నంబరుకూ ఉన్నంత తేడాతో మొదలుపెడతారు. అది వస్తే తేడా తగ్గిస్తారు. రాకపోతే వెనక్కి వెళ్తారు. చెక్కకు సాండింగ్ చేసే పద్ధతే, ముతక నుంచి నున్నకు. అది చెబితే ఆ అమ్మాయి నవ్వి, అయితే మీ సాండ్‌పేపర్లే తెచ్చుకోండి అంది. నాలుగో సెషన్ నుంచి నా సంచీలోంచే సరుకు తీశాం. రెండు చెక్కలు పక్కపక్కన పెట్టి ఒకటి అరమిల్లీమీటరు ఎత్తులో బిగించి, అతుకు దగ్గర మెట్టు ఉందో లేదో కనుక్కోవడం. గుడ్డ సంచీలో పెద్ద స్క్రూలూ చిన్న స్క్రూలూ కలిపి, చూడకుండా చిన్నది తియ్యడం. వాళ్ళ పలకల మీద నేర్చుకున్నది నా చెక్క మీదికి తెచ్చినందుకే నేను 4 మార్కులు ఇస్తున్నాను. లేకపోతే 3.

ఈ పద్ధతి వాళ్ళ సొంతం కాదు, అదీ దాచకుండా చెప్పారు. ఆస్ట్రేలియాలో లీయన్ కేరీ బృందం చాలా ఏళ్ళుగా దీని మీద పని చేసింది. 2011లో వాళ్ళు ప్రచురించిన పరీక్షలో స్ట్రోక్ తర్వాత స్పర్శ తగ్గిన 50 మంది ఉన్నారు. కొందరికి ఈ రకమైన శిక్షణ, మిగతావాళ్ళకు అంతే సమయం పాటు రకరకాల వస్తువులు ఊరికే ముట్టించడం. శిక్షణ పొందినవాళ్ళే ఎక్కువ బాగుపడ్డారు, ఆరు నెలల తర్వాత చూసినా ఆ బాగు నిలిచింది. దీనికి రెండో పక్క కూడా ఉంది. అంతకు ముందు ఏడాదే, 2010లో, చేతి స్పర్శకు ఇచ్చే చికిత్సలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష, ఫలానాది తప్పక పనిచేస్తుందని చెప్పడానికి తగినంత రుజువు లేదని తేల్చింది. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి స్పర్శలో ఏదో ఒక తేడా వస్తుందంటారు. అంతమందికి ఉన్న బాధ మీద ఇంత కాలం ఇంత తక్కువ పరిశీలన ఎందుకు జరిగిందో నాకు అర్థం కాలేదు. నడక పోతే అందరికీ కనిపిస్తుంది, స్పర్శ పోతే కనపడదు. అదే కారణం అయ్యుండాలి.

ఇప్పుడు కోత పెట్టిన మార్కు గురించి. కేంద్రం కరపత్రం మీద రెండు మెదడు బొమ్మలు ఉన్నాయి. ఒకటి బూడిద రంగు, కింద "ముందు" అని. రెండోది ఎర్రగా పసుపుగా వెలుగుతూ, కింద "తర్వాత" అని. 10 సెషన్లలో మీ మెదడుకు కొత్త వైరింగ్ అని పెద్ద అక్షరాలు. నేను ఆ బొమ్మ చూసే చేరాను. మూడో సెషన్‌లో అడిగాను, నాకు ఆ స్కాన్ ఎప్పుడు తీస్తారని. తియ్యరట. అవి పరిశోధనలో తీసేవి, చాలామందివి కలిపి లెక్క కట్టేవి, ఒక్క మనిషి బొమ్మ చూసి నీ చెయ్యి ఇంత బాగుపడింది అని చెప్పడానికి పనికిరావు. మరి కరపత్రం మీద ఎందుకు వేశారు? ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. తను వేసింది కాదు కదా.

కానీ ఆ రోజు తను చెప్పిన విషయం ఆ కరపత్రం కన్నా వంద రెట్లు నయం. ఆ రంగులు నరాలు వెలగడం కాదు, పని జరిగే చోటికి రక్తం ఎక్కువ చేరితే ఆక్సిజన్‌లో వచ్చే తేడాను కొలిచి వేసిన రంగులు. రంగు ఎక్కువైతే బాగుపడినట్టా అని అడిగాను. కాదంది. స్ట్రోక్ కొత్తలో వేలు కదిపినా ముట్టించినా మెదడు రెండు పక్కలా చాలా చోట్ల రంగు కనిపించొచ్చట. ఒక్కడు చెయ్యాల్సిన పనికి పదిమంది పరిగెత్తినట్టు. బాగా కోలుకుంటున్నవాళ్ళలో తరచూ అది తగ్గి, దెబ్బ తగిలిన పక్కనే, మామూలుగా ఆ పని చేసే చోటుకే తిరిగి వస్తుంది. అంటే "తర్వాత" బొమ్మలో రంగు తగ్గడం కూడా మంచి వార్తే కావచ్చు. ఈ ఒక్క మాటతో కరపత్రం చెల్లు.

ఇంకోటి చెప్పింది. దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టి కోలుకునే తీరు మారుతుంది. నాలాగా థాలమస్‌లో తగిలినవాళ్ళకు పైపొర బాగానే ఉంటుంది. కార్ఖానా చెక్కుచెదరలేదు, సరుకు వచ్చే దారిలో వంతెన కూలింది. అలాంటివాళ్ళలో స్పర్శ ఎంత బాగా మిగిలిందో, పైపొరలోని స్పర్శ భాగాలూ దృష్టి నిలిపే భాగాలూ అంత ఎక్కువగా పని చేస్తూ కనిపించాయట. పైపొరకే దెబ్బ తగిలినవాళ్ళలో ఆ లెక్క కుదరలేదు, వాళ్ళ దారి వేరు. మిగిలిన సన్న దారుల్లోంచే సరుకు రావాలి, పక్క దారులు తెరుచుకోవాలి, దూరంగా ఉండి ఊరికే మూగబోయిన భాగాలు మళ్ళీ లేవాలి. అలా దూరాన మూగబోవడానికి వోన్ మొనకోవ్ అనే డాక్టరు 1914లోనే డయాస్కిసిస్ అని పేరు పెట్టాడట. పేరు నాకు నోరు తిరగలేదు గానీ విషయం తెలిసిందే. ఒక స్తంభం కుంగితే దాని మీద వాలని తలుపు కూడా బిగుసుకుంటుంది.

అయితే కార్ఖానా లోపల కూడా ఒక గొడవ ఉంది. మెదడు పైపొరలో శరీరానికి ఒక పటం ఉంటుంది. పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ అనే ఇద్దరు 1937లో దాన్ని గీశారు. అందులో వీపుకు కాస్త జాగా, వేళ్ళకూ పెదాలకూ బోలెడు జాగా. ఆ జాగా శాశ్వత పట్టా కాదు. వాడినవాడికి పెరుగుతుంది, వాడనివాడి జాగాలోకి పక్కవాడు వస్తాడు. 1990లో మెర్జెనిచ్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం కోతుల చేత గాళ్ళున్న తిరిగే పళ్ళెం మీద వేళ్ళ చివర్లు రోజూ ఆనిస్తే, ఆ వేళ్ళ చివర్ల జాగా పెరిగింది. 1895లో మాట్, షెరింగ్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకోటి చూశారు. కోతి చేతి నుంచి స్పర్శ తెచ్చే నరాల వేర్లు కోసేస్తే, కండరాల నరాలు బాగానే ఉన్నా కోతి ఆ చెయ్యి వాడడం మానేసింది. అది విన్నప్పుడు మా కుర్రాడి మాట గుర్తొచ్చింది. నా చెయ్యి తీసుకున్న సెలవు అదే.

ఆరో సెషన్‌కు ఆ అమ్మాయి రాలేదు. వేరే ఒకతను వచ్చాడు. నా చెయ్యి బల్ల మీద పెట్టి, బ్రష్‌తో గంటసేపు రుద్దాడు. అతని చూపు ఫోన్‌లో, నా చూపు గోడ మీది టీవీలో. చివర్లో బాగా జరిగిందన్నాడు. ఇది కేంద్రం మీద నా అసలు ఫిర్యాదు. తర్వాతి సెషన్‌లో ఆ అమ్మాయికి చెబితే ముఖం మాడ్చుకుని ఇంకో కోతి కథ చెప్పింది. మెర్జెనిచ్ బృందంలోని రెకన్‌జోన్ అనే అతను 1992లో ప్రచురించింది. రెండు రకాల కోతుల వేళ్ళకు ఒకేలాంటి కంపనం ఇచ్చారు. ఒక రకం కోతులు ఆ కంపనంలో తేడా కనిపెడితేనే బహుమతి. రెండో రకం వేలికి కంపనం తగులుతూనే ఉంది కానీ వాటి ధ్యాస చెవికి వినిపించే శబ్దం మీద. మొదటి కోతుల మెదడు పటం మారింది. రెండోవాటిలో ఆ మార్పు పెద్దగా రాలేదు. వేలికి తగిలింది ఒకటే, ధ్యాస వేరు. ఆ రోజు టీవీ చూస్తూ గంటసేపు రుద్దించుకున్న నేను రెండో రకం కోతిని.

ఆ సెషన్‌కు బదులు ఇంకోటి ఇవ్వమని అడిగాను. ఇచ్చారు, వాదించలేదు. అందుకే మార్కు ఇంకా తగ్గించలేదు. ఎవరైనా ఇలాంటి చోటికి వెళ్తే ఒక్కటే చూసుకోండి. మిమ్మల్ని ప్రశ్న అడుగుతున్నారా, ఊరికే రుద్దుతున్నారా? ఊరికే రుద్దుతుంటే లేచి వచ్చెయ్యండి.

రెండో ఫిర్యాదు, ముందు హెచ్చరించకపోవడం. ఏడో సెషన్ తర్వాత చేతిలో చీమలు పాకినట్టు, అప్పుడప్పుడు మంటగా అనిపించడం మొదలైంది. చొక్కా చెయ్యి తగిలినా చిరాకు. రెండు రాత్రులు ఒకటే టెన్షన్, మళ్ళీ స్ట్రోక్ ఏమో అని. థాలమస్‌లో దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి కొన్నాళ్ళ తర్వాత మొండి నొప్పి వస్తుందట. డెజెరీన్, రూసీ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు 1906లోనే రాసిపెట్టారు. దానికి వేరే మందులున్నాయి, డాక్టరుకు చెప్పాల్సిందే. నాది అంత దూరం పోలేదు, మూడు వారాల్లో సద్దుమణిగింది. కానీ 1906 నుంచి తెలిసిన సంగతిని మొదటి రోజే ఒక్క ముక్క చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఇక పెట్టె. లోపల 24 చిన్న పలకలు, రకరకాల గుడ్డలు, గాళ్ళు, రబ్బరు, లోహం, సాండ్‌పేపర్ అతికించినవి. ఒక కళ్ళగంత. సరుకు ఫర్వాలేదు. పెట్టె మాత్రం ఏ కుర్రాడు చేశాడో గానీ నా దగ్గరైతే మధ్యాహ్నానికి ఇంటికి పంపేవాణ్ణి. మూత లోపలి అంచులకు ఒక్కసారి కూడా సాండ్‌పేపర్ తగల్లేదు. రెండో రోజు పలక తీస్తుంటే బొటనవేల్లో పేడు దిగింది. నాకు తెలియలేదు. తెల్ల గుడ్డ పలక మీద ఎర్ర మరక చూసి మా అమ్మాయి "నాన్నా, రక్తం" అని అరిస్తే అప్పుడు చూసుకున్నాను. స్పర్శ లేనివాళ్ళ కోసం చేసిన పెట్టె ఇది. మరచిపోకుండా చెబుతున్నాను, ఇలాంటిది ఎవరు ఇచ్చినా ముందు బాగున్న చేత్తో అన్ని అంచులూ నిమిరి చూసుకోండి.

పెట్టెలో ఇంకో లోపం ఉంది, అది నాకు అనుకూలంగా పనిచేసింది కాబట్టి చాలా రోజులు చెప్పలేదు. నాలుగో వారానికి ఇంట్లో నా మార్కులు 12కి 11 దాకా వెళ్ళాయి. కేంద్రంలో మాత్రం 6 దాటవు. మా అమ్మాయికి అనుమానం వచ్చి ఒక రోజు ఫ్యాన్ పెద్దది చేసి, నా చెవుల్లో దూది పెట్టింది. మార్కులు 5కి పడ్డాయి. నేను వేలితో కాదు, చెవితో చెబుతున్నానన్నమాట. 31 ఏళ్ళుగా సాండ్‌పేపర్ శబ్దం వింటున్నవాణ్ణి, నంబరు శబ్దంలోనే తెలిసిపోతుంది. కావాలని చేసింది కాదు. చెయ్యి చెప్పకపోతే మెదడు దొరికిన ఆధారం పట్టుకుంటుంది. లోహపు పలకలూ అంతే, చల్లగా ఉంటాయి కాబట్టి వాటిని చల్లదనంతో పట్టేశాను. చలీ వేడీ వెన్నుపాములో వేరే దారిన పోతాయట, నాకు అవి గరుకు కన్నా ముందు తిరిగి వచ్చాయి. పెట్టెతో ఇచ్చిన సూచనల కాగితంలో కళ్ళు మూసుకోండి అని నాలుగు సార్లు ఉంది. చెవుల గురించి ఒక్క మాట లేదు.

మోచెయ్యి, మణికట్టు ఎక్కడున్నాయో చూడకుండా చెప్పే అభ్యాసం కూడా ఉంది. తెర వెనక మణికట్టును వంచి, ఇవతల ముల్లు తిప్పి ఎంత వంగిందో చూపించమంటారు. దానికి రెండు సెషన్లే ఇచ్చారు, నా పనికి అవి చాలలేదు. రంపం దగ్గర వేలు ఎక్కడుందో తెలియడం గరుకు తెలియడం కన్నా ముఖ్యం.

ఫలితం చెప్పమంటారా. చివరి రోజు పోగుల పరీక్షలో బొటనవేలూ చూపుడువేలూ నీలం పిడి 3.61కి వచ్చాయి, అర గ్రాము కన్నా తక్కువ. చిటికెనవేలు ఊదా రంగు 4.31 దగ్గర ఆగింది. మూడు పలకల పరీక్షలో 12కి 9, చెవుల్లో దూది పెట్టుకునే. జేబులోంచి తాళంచెవి చూడకుండా తీస్తున్నాను. కాగితం గ్లాసు నలగడం లేదు. 80 నంబరుకూ 150కీ తేడా ఎప్పుడూ తెలుస్తుంది, 120కీ 180కీ ఒక్కోసారి. 220కీ 320కీ లేదు. మెషీను రంపం ఇంకా ముట్టుకోవద్దని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది, ముట్టుకోవడం లేదు. ఇందులో శిక్షణ వాటా ఎంతో, కాలం వాటా ఎంతో విడదీయలేను. అయిదో నెల దాకా కదలనిది ఆ తర్వాత కదిలిందన్నదే నా లెక్క.

ఆఖరి సెషన్ ముందు ఆ పెట్టెను విప్పి, అంచులన్నీ నేనే సాండింగ్ చేశాను. కుడి చేత్తోనే, మూడు నంబర్ల పేపర్లతో. కళ్ళు మూసుకుని నిమిరి, నున్నగా ఉందని తేల్చుకున్నాకే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ అమ్మాయి మూత తెరిచి వేలితో అంచంతా రాస్తూ పోయి, లోపలి ఎడమ మూల దగ్గర ఆగింది. "సార్, ఇక్కడ కాస్త" అంది. ఎడమ చెయ్యి పెట్టి చూశాను, నిజమే. కుడి చెయ్యి పెట్టాను, నాకు నున్నగానే ఉంది. రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. ఆ పెట్టెను అప్పటిదాకా ఇంకెవరికీ ఇవ్వద్దని, ఆ మూల అలాగే ఉంచమని చెప్పి వచ్చాను.